కోటి కోట్ల నోటు వెనక: 2008లో జింబాబ్వేకి ఏమైంది?

ధరల మీద చర్చ రాజుకున్న ప్రతిసారీ వాట్సాప్‌లో ఒక నోటు ఫొటో తిరుగుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్ల బొమ్మ, ఒకటి పక్కన 14 సున్నాలు. జింబాబ్వే వంద ట్రిలియన్ డాలర్ల నోటు. మన లెక్కలో చెప్పాలంటే కోటి కోట్లు. "నోట్లు అచ్చేసుకుంటూ పోతే ఇదే గతి" అని కింద ఒక ముక్క ఉంటుంది.

అందులో నిజముంది, కానీ సగమే. ఆ నోట్లు ఎవరు అచ్చేశారు, ఎవరికి ఇచ్చారు, ఆపాలని తెలిసీ ఎందుకు ఆపలేకపోయారు అన్నది మిగతా సగం. అది తెలియాలంటే 2008ని మొత్తంగా చూడాలి. మార్చిలో ఎన్నికలు, జూన్‌లో ప్రత్యర్థి లేని పోలింగ్, ఆగస్టులో కరెన్సీకి పది సున్నాల కోత, అదే నెలలో కలరా, సెప్టెంబరులో అధికార పంపకం. పేపర్లలో ఇవి వేర్వేరు పేజీల వార్తలు. నిజానికి ఒకే ముడికి ఉన్న కొసలు.

ఇంకో చిన్న సంగతి. ఆ ఫొటోలోని నోటు 2008లో చలామణిలోకి రాలేదు. దాన్ని ప్రకటించింది 2009 జనవరిలో. అప్పటికే జనం చాలామటుకు ఆ కరెన్సీని వదిలేశారు.

అప్పు ఎక్కడ మొదలైంది

1997 నవంబరు 14ని జింబాబ్వేలో నల్ల శుక్రవారం అంటారు. స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్న మాజీ సైనికులకు తలా 50 వేల జింబాబ్వే డాలర్లు, పైన నెలవారీ పింఛను ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. బడ్జెట్లో ఆ డబ్బు లేదు. మార్కెట్‌కి సంగతి అర్థమైన ఆ ఒక్కరోజే కరెన్సీ విలువ 70 శాతానికి పైగా పడిపోయింది. మరుసటి ఏడాది కాంగో యుద్ధానికి సైన్యాన్ని పంపారు. అదీ లేని డబ్బే.

2000లో భూముల స్వాధీనం మొదలైంది. వలస పాలనలో నల్లజాతి రైతుల్ని సారంలేని నేలల్లోకి తరిమి, మంచి భూముల్ని కొన్ని వేలమంది తెల్లజాతి భూస్వాముల చేతుల్లో పెట్టారు. ఆ అన్యాయం నిజం, దాన్ని సరిదిద్దాల్సిందేనన్నదీ నిజం. దెబ్బకొట్టింది చేసిన తీరు. అప్పటిదాకా పొలం పట్టా తాకట్టు పెడితే బ్యాంకు విత్తనాలకి, ఎరువులకి అప్పిచ్చేది. భూమి ప్రభుత్వపరమయ్యాక పట్టా చిత్తుకాగితమైంది. కొత్తగా భూమి వచ్చిన రైతుకు తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు. పాత రైతుకిచ్చిన అప్పు బ్యాంకుకు తిరిగి రాలేదు.

2000లో దాదాపు 23 కోట్ల కిలోలు పండిన పొగాకు 2008కి 5 కోట్ల కిలోల లోపుకు దిగింది. ప్రకాశం జిల్లా వర్జీనియా పొగాకు రైతులకు జింబాబ్వే పేరు కొత్తేమీ కాదు, అంతర్జాతీయ మార్కెట్లో మనకు పోటీదారు. ఆ దేశానికి డాలర్లు తెచ్చే పెద్ద పంట అదే. పంట పోయింది, డాలర్లు పోయాయి, పన్నులూ తగ్గాయి. ఖర్చు మాత్రం తగ్గలేదు.

53 వేల ఓట్ల దూరం

2008 మార్చి 29న అధ్యక్షుడికి, రెండు చట్టసభలకు, స్థానిక సంస్థలకు ఒకేసారి ఎన్నికలు జరిగాయి. 1980 నుంచి అధికారంలో ఉన్న రాబర్ట్ ముగాబేకి ప్రధాన ప్రత్యర్థి ప్రతిపక్ష పార్టీ ఎండీసీ నేత మోర్గాన్ స్వాంగిరాయ్. ముగాబే పార్టీ జాను-పీఎఫ్ నుంచి బయటికొచ్చిన మాజీ ఆర్థికమంత్రి సింబా మకోని కూడా బరిలో ఉన్నారు.

ఆ ఎన్నికలో ఒక చిన్న నిబంధన పెద్ద పని చేసింది. పోలింగ్ కేంద్రంలో లెక్కింపు పూర్తవగానే ఫలితాల పత్రాన్ని అక్కడే బయట అంటించాలి. దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకి మధ్యవర్తిత్వంలో ముందే కుదిరిన సవరణ ఇది. ఎండీసీ కార్యకర్తలు ఊరూరా ఆ పత్రాల్ని ఫొటో తీసి రాజధాని హరారేకి చేర్చారు. పై స్థాయిలో అంకెలు మార్చడం దాంతో కష్టమైంది. మిగిలిన దారి ఆలస్యం చేయడమే. అధ్యక్ష ఫలితం మే 2న వచ్చింది, పోలింగ్ జరిగిన ఐదు వారాలకు.

స్వాంగిరాయ్‌కి 11,95,562 ఓట్లు, అంటే 47.9 శాతం. ముగాబేకి 10,79,730, అంటే 43.2 శాతం. మకోనికి 8.3 శాతం. మన నియోజకవర్గాల్లోలా ఎక్కువ ఓట్లొచ్చినవాడు గెలిచే పద్ధతి కాదిది. చెల్లిన ఓట్లలో సగానికి పైగా రావాలి, లేకుంటే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత. చెల్లిన ఓట్లు 24,97,265. సగం దాటాలంటే 12,48,633 కావాలి. స్వాంగిరాయ్‌కి తగ్గినవి సుమారు 53 వేలు. తమ పత్రాల ప్రకారం తమ నాయకుడు 50.3 శాతంతో తొలి విడతలోనే గెలిచాడని ఎండీసీ వాదించింది. స్వతంత్ర పరిశీలకుల సంఘం నమూనా లెక్కలో మాత్రం ఆయనకు 49.4 శాతమే, దానికీ రెండు వైపులా కొంత తేడా ఉండొచ్చు. ఆయన ముందున్నాడన్నది ఖాయం. సగం దాటాడా అన్నది ఆ అంకెలతో తేలదు.

పార్లమెంటు దిగువ సభ సంగతి ఇంకా తమాషా. 210 సీట్లలో స్వాంగిరాయ్ వర్గానికి 100, జాను-పీఎఫ్‌కి 99, ఆర్థర్ ముటంబరా నడిపిన ఎండీసీ చీలిక వర్గానికి 10, స్వతంత్రుడికి 1. అయితే పార్టీలకు పడిన ఓట్లు చూస్తే జాను-పీఎఫ్‌కి దాదాపు 46 శాతం, స్వాంగిరాయ్ వర్గానికి 43. ముగాబే పార్టీకి పల్లెల్లో బలం లేదని, ఉన్నదంతా బెదిరింపేనని అనేవాళ్లు ఈ అంకె దగ్గర ఆగి ఆలోచించాలి.

చట్టం ప్రకారం రెండో విడత 21 రోజుల్లో జరగాలి. ఎన్నికల సంఘం గడువును 90 రోజులకు పొడిగించి జూన్ 27 ఖాయం చేసింది. ఈ మధ్యకాలంలో పల్లెల్లో సాగిన హింసకు వచ్చిన పేరు "మకవోతెరాపాపి". షోనా భాషలో "ఓటు ఎక్కడ వేశారు?" అని. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో గోడ మీదే ఉంది కదా. మోసాన్ని ఆపిన పత్రమే ఏ ఊరిని కొట్టాలో చూపించింది. తమ మద్దతుదారులు 80 మందికి పైగా చనిపోయారంటూ జూన్ 22న స్వాంగిరాయ్ పోటీ నుంచి తప్పుకుని, డచ్ రాయబార కార్యాలయంలో తలదాచుకున్నారు.

ఆయన పేరు బ్యాలెట్ మీద అలాగే ఉండిపోయింది. ముగాబేకి 21,50,269 ఓట్లు, 85.5 శాతం. తప్పుకున్న స్వాంగిరాయ్‌కి 2,33,000. చెల్లని ఓట్లు 1,31,481. పోలింగ్‌కి రాకపోతే వేలిమీద సిరా లేదని దొరికిపోతారు. అందుకే వచ్చి, కాగితం పాడుచేసి వెళ్లినవాళ్లు చాలామంది. ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంత దేశాల కూటమి పరిశీలకులే ఈ ఫలితం ప్రజల మనసును ప్రతిబింబించలేదన్నారు. ముగాబే జూన్ 29న ప్రమాణం చేశారు.

శాతాన్ని రెట్లలోకి మార్చుకుంటే

ఇప్పుడు డబ్బు సంగతి. ధరలు పెరగడం ద్రవ్యోల్బణం. నెలకు 50 శాతం దాటితే అతి ద్రవ్యోల్బణం అనడం ఆర్థికవేత్తల వాడుక. నెలకు 50 శాతమంటే వినడానికి అంత భయంగా ఉండదు. వంద రూపాయల వస్తువు నెలకు 150, రెండు నెలలకు 225, ఇలా చక్రవడ్డీలా పెరిగి ఏడాదికి సుమారు 12,975 రూపాయలవుతుంది. జింబాబ్వే ఈ గీత దాటింది 2007లో.

ప్రభుత్వం చివరిగా ప్రకటించిన అంకె 2008 జులైది: ఏడాదికి 23 కోట్ల 11 లక్షల శాతం పైచిలుకు. ఇంత పెద్ద శాతం బుర్రకెక్కదు. వందతో భాగించి రెట్లలోకి మార్చుకోండి. 2007 జులైలో ఒక డాలరున్న వస్తువు 2008 జులైకి దాదాపు 23 లక్షల డాలర్లయింది.

తర్వాత ప్రభుత్వం అంకెలు ఇవ్వడం మానేసింది. అమెరికా ఆర్థికవేత్త స్టీవ్ హాంకే ఇంకో దారి పట్టారు. ఓల్డ్ మ్యూచువల్ అనే బీమా సంస్థ షేరు అప్పట్లో అటు లండన్‌లో, ఇటు హరారేలో కూడా కొనుగోలయ్యేది. షేరు ఒకటే కాబట్టి రెండు చోట్లా విలువ ఒకటే ఉండాలి. లండన్‌లో ఒక పౌండు, హరారేలో వంద కోట్ల జింబాబ్వే డాలర్లు పలికితే, ఒక పౌండుకు మార్కెట్ కడుతున్న అసలు రేటు వంద కోట్లన్నమాట. ఈ లెక్కన 2008 నవంబరు మధ్యలో నెలవారీ ద్రవ్యోల్బణం 7,960 కోట్ల శాతం. ధరలు 24.7 గంటలకొకసారి రెట్టింపు. సోమవారం ఉదయం ఒక డాలరున్న రొట్టె వచ్చే సోమవారానికి నూటపది డాలర్లు.

ఈ లెక్కకి అభ్యంతరాలున్నాయి. చివరి వారాల్లో హరారే షేర్ మార్కెట్లో ఖాతాలో డబ్బులేని చెక్కులతో కూడా జూదంలా కొనుగోళ్లు నడిచాయి. అందువల్ల షేరు ధర రొట్టె ధర కంటే వేగంగా ఎగిరి ఉండొచ్చు. నవంబరులో మార్కెట్ మూతపడడంతో ఈ కొలబద్ద కూడా పోయింది. చరిత్రలో దీనికంటే వేగంగా ధరలు పెరిగింది 1946 హంగరీలో, అక్కడ రెట్టింపుకు పట్టింది 15 గంటలు.

అచ్చేసిన డబ్బు ఎటు పోయింది

గిడియన్ గోనో నడిపిన జింబాబ్వే రిజర్వ్ బ్యాంకు కేంద్ర బ్యాంకు పని ఒక్కటే చేయలేదు. రైతులకు ట్రాక్టర్లు కొనిచ్చింది, నష్టాల్లో ఉన్న ప్రభుత్వ సంస్థలకు డబ్బిచ్చింది, చౌక సరుకుల పథకం నడిపింది. పార్లమెంటు ఆమోదించిన బడ్జెట్‌కి పక్కన ఇంకో బడ్జెట్ నడిచినట్టు. ఎన్నికల ఏడాదిలో ఇది మరీ ఉబ్బింది. ఎవరికి ట్రాక్టరివ్వాలో నిర్ణయించే చేతిలోనే అచ్చుయంత్రం కూడా ఉంటే ఆ చేతిని ఆపమని చెప్పేదెవరు?

డాలర్ల కోసం ఎగుమతిదారుల ఖాతాల మీద పడ్డారు. బంగారం గనులు తమ బంగారాన్ని రిజర్వ్ బ్యాంకుకే అమ్మాలి. బ్యాంకు డబ్బు సరిగా చెల్లించలేదు. డీజిలు, పేలుడు పదార్థాలు కొనలేక గనులు మూతపడ్డాయి. 1999లో 27 టన్నులు తీసిన దేశం 2008లో 3 టన్నుల దగ్గర ఆగింది. ఎయిడ్స్, క్షయ, మలేరియాల కోసం గ్లోబల్ ఫండ్ పంపిన డబ్బులో 73 లక్షల అమెరికా డాలర్లు ఖర్చుకు అందకుండా రిజర్వ్ బ్యాంకులో ఇరుక్కున్నాయి. గొడవయ్యాక నవంబరులో వెనక్కిచ్చారు.

2007 జూన్‌లో ధరలు సగానికి తగ్గించాలని దుకాణాలకు హుకుం జారీచేశారు. వచ్చిన ధర సరుకు కొన్న ఖర్చుకంటే తక్కువ కావడంతో అల్మారాలు ఖాళీ అయ్యాయి. సరుకు అదృశ్యం కాలేదు, వెనక గుమ్మం గుండా నల్లబజారుకి చేరింది.

నోట్ల కొరత అన్నిటికన్నా విడ్డూరం. ధరల వేగాన్ని అచ్చుయంత్రం అందుకోలేకపోయింది. 2008 జులైలో, జర్మనీ ప్రభుత్వం అడిగినమీదట, అక్కడి సంస్థ నోటు కాగితం సరఫరా ఆపేసింది. బ్యాంకులో రోజుకింతే తీసుకోవాలని పరిమితి. తెల్లవారకముందే క్యూలో నిలబడి తీసుకున్న డబ్బు బస్సు చార్జీకి చాలని రోజులుండేవి. దాంతో ఒకే కరెన్సీకి రెండు విలువలొచ్చాయి: చేతిలో నోటుకు ఒకటి, బ్యాంకు ఖాతాలో అంకెకు ఇంకొకటి. ఉదాహరణకు ఒక అమెరికా డాలరుకు నోట్లలో వంద ఇస్తే, ఖాతా బదిలీగా వెయ్యి ఇచ్చేవాళ్లు. ఆ వెయ్యిని ఎలాగైనా నోట్లుగా మార్చగల పలుకుబడి ఉంటే ఒక డాలరు పదవుతుంది. ఈ వ్యాపారాన్ని అక్కడ "కాల్చడం" అనేవాళ్లు. బ్యాంకులో పరిచయమున్నవాడు బాగుపడ్డాడు, జీతం ఖాతాలో పడే టీచరు, నర్సు మునిగిపోయారు.

సున్నాల కోత విలువను మార్చదు, రాతను మారుస్తుందంతే. 2006 ఆగస్టులో 3 సున్నాలు తీసేశారు. 2008 ఆగస్టు 1న ఇంకో 10, అంటే వెయ్యి కోట్లు ఒక డాలరైంది. అప్పటికే ఏటీఎంలు, లెక్కల సాఫ్ట్‌వేర్లు అన్ని అంకెల్ని పట్టలేక చేతులెత్తేస్తున్నాయి. దానికి పది రోజుల ముందే పదివేల కోట్ల నోటు తెచ్చారు, దాంతో ఒక రొట్టె రాలేదు. 2009 ఫిబ్రవరిలో మరో 12 సున్నాలు పోయాయి. మొత్తం 25.

ఆ ఆగస్టులోనే బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈతగత్తె కిర్‌స్టీ కొవెంట్రీ ఒక బంగారు పతకం, మూడు వెండి పతకాలు గెలిచింది. ముగాబే ఆమెకు లక్ష డాలర్ల బహుమతి ఇచ్చారు. అవి అమెరికా డాలర్లు. సొంత కరెన్సీ గురించి దేశాధినేతకున్న అభిప్రాయం అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

పటిక లేని నీళ్లు

కలరా మురికినీటి జబ్బు. శుద్ధి చేసిన నీళ్లు, పారే మురుగు కాల్వ ఉన్న ఊళ్లో విజృంభించదు. హరారేలో ఒకప్పుడు రెండూ ఉండేవి. నగరపాలికలు ఎండీసీ చేతికి వెళ్లిన కాలంలో, 2005 తర్వాత, నీటి సరఫరాను వాటినుంచి తీసి జాతీయ నీటి సంస్థకిచ్చారు. నీటి పన్ను రూపంలో వచ్చే ఆదాయం కూడా అటే పోయింది. కేంద్ర ప్రభుత్వం మాత్రం అది అందరికీ సమానంగా నీళ్లివ్వడానికే అంది.

నీటిలో మడ్డిని పేరబెట్టి కిందికి దించడానికి పటిక కావాలి, క్రిములు చావడానికి క్లోరిన్ కావాలి. పటిక కొనడానికి డాలర్లు లేవు. కరెంటు కోతలతో పంపులు ఆగేవి. పైపులో ఒత్తిడి తగ్గినప్పుడు పగుళ్లలోంచి పక్కనే పొంగుతున్న మురుగు లోపలికి పీల్చుకుపోతుంది. కుళాయి రాకపోతే జనం లోతు తక్కువ బావులు తవ్వుకున్నారు, మురుగు ఆ నేలలోనే ఇంకుతోంది. ఆగస్టులో హరారే పక్కన చితుంగ్విజాలో మొదటి కేసులు వచ్చాయి. అక్టోబరు, నవంబరుల్లో వానలతో హరారే శివారు బుదిరిరోలో పేలింది. సరిహద్దు పట్టణం బైట్‌బ్రిడ్జ్ గుండా దక్షిణాఫ్రికాకి పాకింది. డిసెంబరు 1న హరారేలో నీటి సరఫరానే ఆపేశారు.

2009 మధ్యకల్లా లెక్కకొచ్చిన కేసులు 98,592, మరణాలు 4,288. ప్రతి వందమందిలో నలుగురికి పైగా. ఉప్పు-చక్కెర ద్రావణం, అవసరమైతే సెలైన్ సమయానికి అందితే వందకు ఒకరి లోపే చనిపోవాలి. అంటే మూడువేల మందికి పైగా చనిపోయింది జబ్బు తీవ్రత వల్ల కాదు, వైద్యం అందక. డాక్టరు నెలజీతం ఆస్పత్రికి వెళ్లే బస్సు ఖర్చుకు చాలదు. నవంబరులో హరారేలోని పెద్దాస్పత్రులు దాదాపు మూతపడ్డాయి. నిరసనకు దిగిన సిబ్బందిని పోలీసులు చెదరగొట్టారు.

డిసెంబరు 4న జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వారం తిరిగేసరికి ముగాబే కలరా లేదన్నారు, అది వ్యంగ్యమని తర్వాత అధికార ప్రతినిధి సర్దిచెప్పారు. సమాచార మంత్రి ఇది బ్రిటన్ చేసిన జీవాయుధ దాడి అన్నారు. అదే నెల మొదట్లో, జీతం డబ్బు బ్యాంకులో దొరక్క సైనికులే హరారే వీధుల్లో నోట్లు మార్చేవాళ్ల మీద పడి దోచుకున్నారు. అచ్చుయంత్రం చివరిదాకా కాపాడాల్సింది ఎవరినో వాళ్లకే డబ్బు అందలేదు.

"ఆంక్షల వల్లే" అన్న వాదన

జాను-పీఎఫ్ వివరణ ఇది: భూములు తిరిగి తీసుకున్నందుకు పాశ్చాత్య దేశాలు ఆర్థికంగా గొంతు నులిమాయి. 2001లో అమెరికా చేసిన చట్టం ప్రకారం అంతర్జాతీయ ఆర్థిక సంస్థల్లోని అమెరికా ప్రతినిధులు జింబాబ్వే అప్పులకు అడ్డుచెప్పాలి. 2002లో ఐరోపా సమాఖ్య ఆంక్షలు పెట్టింది. అప్పు పుట్టని దేశం నోట్లు అచ్చేయక ఏం చేస్తుందన్నది ప్రశ్న.

ఎదుటివాళ్ల జవాబు కాలక్రమం మీద నిలబడుతుంది. పాత బాకీలు కట్టకపోవడంతో ప్రపంచ బ్యాంకు కొత్త అప్పుల్ని ఆ చట్టం రాకముందే ఆపేసింది. ఐరోపా ఆంక్షలు ప్రధానంగా ఆయుధాల మీద, పేర్లు చెప్పిన వ్యక్తుల ప్రయాణాల మీద, ఆస్తుల మీద. పొగాకు అమ్మవద్దని ఎవరూ అనలేదు.

ఆంక్షలకు ఏ ప్రభావమూ లేదనడం కూడా అతి. విదేశీ బ్యాంకులు ఆ దేశమంటేనే జంకాయి. బాకీలు సర్దుకునే దారి కూడా మూసుకుపోయింది. కానీ 1997 నాటి శుక్రవారాన్ని, పటిక డబ్బును, గనులకివ్వని బకాయిని ఆంక్షల ఖాతాలో రాయలేం. 2008 జులైలో ఐక్యరాజ్య సమితి ఆంక్షల తీర్మానం రష్యా, చైనా వీటోతో వీగిపోయింది. అంటే ముగాబే ప్రభుత్వం మీద సమితి ఆంక్షలు ఎప్పుడూ లేనేలేవు.

ఒక ఒరలో రెండు కత్తులు

ఎంబెకి మధ్యవర్తిత్వంతో సెప్టెంబరు 15న ఒప్పందం కుదిరింది. ముగాబే అధ్యక్షుడు, స్వాంగిరాయ్ ప్రధాని, ముటంబరా ఉపప్రధాని. మంత్రులు జాను-పీఎఫ్‌కి 15, రెండు ఎండీసీ వర్గాలకు 13, 3. లెక్కకు ఎండీసీలదే పైచేయి. అయితే మంత్రివర్గ సమావేశానికి అధ్యక్షుడిదే అధ్యక్షత. ప్రధానికి విడిగా మంత్రుల మండలి ఇచ్చారు. సైన్యం ముగాబే వైపే ఉండిపోయింది. పోలీసుల్ని చూసే హోంశాఖ ఎవరికన్న ఒక్క పేచీతో నెలలు గడిచాయి, చివరికి ఇద్దరు మంత్రుల్ని పెట్టారు. సంతకమైన వారంలోపే సొంత పార్టీ ఒత్తిడితో ఎంబెకి పదవి నుంచి దిగిపోవాల్సి వచ్చింది. కలరా ముదిరింది సరిగ్గా ఈ పేచీ నడిచిన నెలల్లోనే.

ఒప్పందాన్ని ఓడిన వాడికిచ్చిన బహుమతిగా చూసేవాళ్లున్నారు. హింస ఆగడానికి అప్పుడు దొరికిన దారి అదొక్కటేనన్నవాళ్లూ ఉన్నారు. స్వాంగిరాయ్ 2009 ఫిబ్రవరి 11న ప్రమాణం చేశారు.

అంతకు రెండు వారాల ముందే, జనవరి 29న, తాత్కాలిక ఆర్థికమంత్రి పాట్రిక్ చినమాసా విదేశీ కరెన్సీతో లావాదేవీలు చేసుకోవచ్చని ప్రకటించారు. అప్పటికే పెట్రోలు కూపన్లతో అద్దెలు కడుతున్న జనానికి అది కొత్తగా ఇచ్చిందేమీ లేదు, చేస్తున్న పనిని నేరం కాకుండా చేసింది. రిజర్వ్ బ్యాంకు అమెరికా డాలర్లను అచ్చేయలేదు కాబట్టి ధరల పరుగు ఆగిపోయింది. దుకాణాల అల్మారాలు నిండాయి. డాలరు సంపాదించే దారి లేని పింఛనుదారుకు అవి అద్దాల వెనక సరుకులు.

పాత ఖాతాల లెక్క 2015లో తేల్చారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా, ఖాతాలో సున్నా నుంచి 1,750 కోటి కోట్ల జింబాబ్వే డాలర్ల వరకు ఎంతున్నా ఒకే చెల్లింపు: 5 అమెరికా డాలర్లు. అంతకు మించితే 350 కోటి కోట్లకు ఒక డాలరు. ఇంట్లో దాచుకున్న నోట్లకు రేటు వేరు. వాట్సాప్‌లో తిరిగే ఆ కోటి కోట్ల నోటుకు బ్యాంకు ఇచ్చింది 40 సెంట్లు.